ఎలుకల షాక్ పెట్టె రెండేళ్లు వాడాక: నా గొడవంతా ఆ పచ్చలైటుతోనే

ముందే చెప్పేస్తున్నా, ఎలుకని చంపడంలో దీనికి వంక పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. లోపలికి వెళ్ళిన ఎలుక మళ్ళీ బయటికి రాలేదు, అంతే. నా కోపమంతా దాని నెత్తిమీదున్న ఆ చిన్న పచ్చలైటు మీదే. కొన్న కొత్తల్లో, మూడు నెలలకి అనుకుంటా, నేనే దీనికి ఐదు స్టార్లు ఇచ్చి "ఈ లైటు ఒక్కదాని కోసమైనా కొనొచ్చు" అని రాసిపడేశా. అది చదివి ఎవరైనా కొనుంటే వాళ్ళకి సారీ, ఇప్పుడు ఆ మాట కొంచెం సర్దుకుంటున్నా.

బ్యాటరీలెన్ని, సైజెంత లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. అసలేంటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: చిన్న సొరంగంలాంటి ప్లాస్టిక్ పెట్టె, చివర్లో ఎర, కింద మెటల్ ప్లేట్లు. ఎలుక కాళ్ళు రెండు ప్లేట్ల మీద పడగానే కరెంటు దాని ఒంట్లోంచి పోతుంది, పని అయిపోతుంది. రక్తం ఉండదు, అరుపు ఉండదు.

మా ఇంట్లో ఎలుకల సంగతి మొదట పట్టింది మా అత్తయ్య. ఆవిడది కోడినిద్ర. రాత్రి రెండింటికి లేపి "అమ్మాయ్, పైన ఏదో గోళ్ళతో గీకుతోందే" అనేవారు, మా ఆయనేమో "గాలికి ఏదో కదులుతోందిలే అమ్మా, పడుకో" అని అటు తిరిగి పడుకునేవారు. అలా ఓ నెల ఆ విషయం నిజంగానే అటకెక్కింది. చివరికి నేనే నిచ్చెనేసుకుని ఎక్కి చూస్తే ఏముంది, పాత పుస్తకాల అట్టపెట్టె ఒక మూల కొరికేసి లోపల కాగితాలన్నీ పీచుపీచుగా చీల్చి గూడు కట్టేసున్నాయి, చుట్టూ నల్లగా బియ్యపు గింజల్లా పెంటికలు, పెళ్ళి ఆల్బమ్ అంచు కూడా రుచి చూసినట్టున్నాయి. చిట్టెలుకలే, పెద్దవి కాదు. పెంటిక చూస్తే తెలిసిపోతుంది, చిట్టెలుకది అర సెంటీమీటరుకి అటూఇటూ ఉంటుంది, పెద్ద ఎలుకదైతే సెంటీమీటరు పైనే.

ఈ పెట్టె కొనేలోపు మిగతావన్నీ అయిపోయాయి. మొదట ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మెషీన్, మనకి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరిమేస్తుందంట. రెండు రోజులు నిజంగానే చప్పుడు తగ్గింది, సంబరపడ్డాం, వారం తిరిగేసరికి సరిగ్గా ఆ మెషీన్ వెనకే పెంటికలు. ఆ శబ్దానికి ఏ వస్తువు అడ్డొచ్చినా అక్కడితో సరి, మా అటక నిండా అట్టపెట్టెలే, పైగా ఎలుకలు కొన్నాళ్ళకి దానికి అలవాటు పడిపోతాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇలాంటివి చేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ 60 మందికి పైగా హెచ్చరిక లేఖలు పంపిందని కొన్న తర్వాత చదివా, కొనక ముందు చదివితే బావుండేది.

తర్వాత గమ్ ప్యాడ్. ఒక్కసారే పెట్టాం. పొద్దున్నకి బతికున్న ఎలుక దానికి అతుక్కుపోయి అరుస్తోంది, దాన్నేం చెయ్యాలో మా ఇద్దరికీ తెలీదు. ఆ పొద్దున్న గురించి ఇంతకంటే రాయను.

మందు మాత్రం నేనే వద్దన్నా. బ్రోమాడియోలోన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేసే రకం, తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, కొన్ని రోజులు తిరిగి తిరిగి ఏ గోడ సందులోనో పోయి చస్తుంది, ఆ కంపు మనకి. దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ కూడా ప్రమాదమే. కానీ నిజం చెప్పాలంటే నా భయం గుడ్లగూబ గురించి కాదు, కంపు గురించే. ఇంట్లో చచ్చిన ఎలుక వాసన రాకూడదు అనే ఒక్క కారణంతో మందు వద్దని ఈ పెట్టె తెప్పించా. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పెట్టిన మొదటి రాత్రే పడింది. చిట్టెలుకకి కొత్త వస్తువంటే కుతూహలం, పెద్ద ఎలుకలా అనుమానంతో రోజుల తరబడి దూరదూరంగా తిరగదు. ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం, అవి గోడకి మీసాలు ఆనించుకుంటూ పరిగెడతాయి కాబట్టి గోడ వారన పెట్టాలి, మధ్యలో పెడితే అలంకారానికి పనికొస్తుంది. ఎర కూడా శెనగగింజంత పీనట్ బటర్ చాలు. ఒకసారి ధారాళంగా రాసేశా, కొంచెం జారి ప్లేటు మీద పడింది, ప్లేటు జిడ్డయిపోయి దూదితో తుడిచేదాకా ఆ పెట్టె పని చెయ్యలేదు. మొదటి మూడు వారాల్లో పదకొండు పడ్డాయి. అత్తయ్య క్యాలెండర్ మీద గీతలు పెట్టి లెక్క రాశారు, ఇప్పటికీ ఆ క్యాలెండర్ పారెయ్యనివ్వట్లేదు.

ఇక లైటు. ఎలుక పడితే ఆ పచ్చలైటు ఆగి ఆగి మెరుస్తుంది. మా అటక తలుపు పలకకి పక్కన వేలు దూరేంత సందుంది, రాత్రి మంచినీళ్ళకి లేచినప్పుడు హాల్లో నిలబడి తలెత్తితే ఆ సందులోంచి కనిపించేది, చీకట్లో పచ్చగా ఒక్క మెరుపు, కాసేపు చీకటి, మళ్ళీ మెరుపు, దాని పక్కన పాత సూట్‌కేసు తాళం మీద కూడా ఓ చుక్క పడేది. నా కుడి మోకాలు నిచ్చెన మెట్టెక్కిన ప్రతిసారీ నన్ను తిడుతుంది. కాబట్టి పడితేనే ఎక్కడం, పడకపోతే ఎక్కక్కర్లేదు అనే ఏర్పాటు నాకు వరంలా అనిపించింది, ఆ ఊపులోనే ఐదు స్టార్లు.

కొన్న ఎనిమిదో నెలలో అందరం పన్నెండు రోజులు ఊరెళ్ళాం. వెళ్ళేముందు కొత్త బ్యాటరీలేసి, కొత్త ఎర పెట్టి, చాలా తెలివైన పని చేశాననుకుంటూ వెళ్ళా. తిరిగొచ్చిన రాత్రి బ్యాగులు కింద పెట్టకముందే తలెత్తి చూశా, లైటు లేదు. "ఒక్కటీ పడలేదండీ, అయిపోయినట్టున్నాయి" అని మా ఆయనకి గొప్పగా చెప్పా కూడా. ఇంట్లో ఏదో వాసనైతే ఉంది, పన్నెండు రోజులు మూసున్న ఇల్లు కదా అని కిటికీలన్నీ తెరిచాం. మర్నాడు ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగా. ఆ మర్నాడు సింక్ కింద పైపు విప్పదీయించా. తర్వాత మా ఆయన బూట్ల మీద అనుమానమొచ్చి వాటిని తీసుకెళ్ళి బయట పడేశా, ఆయన ఆ పూటంతా మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం హాల్లో కుర్చీలో కూర్చుని "ఇది చచ్చిన ఎలుక కంపే అమ్మాయ్" అన్నారు. "పడితే లైటు వెలుగుతుంది అత్తయ్యా, వెలగట్లేదు కదా, చూడండి" అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పా. ఆవిడ ఇంకేం అనలేదు.

నాలుగోరోజుకి గోడలోపల ఏదో చచ్చిందని తీర్మానించుకుని, గోడకి చెవి పెట్టి, ముక్కు పెట్టి, ఎక్కడ పగలగొట్టించాలా అని పెన్సిల్‌తో గుర్తులు కూడా పెట్టాం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అంటారే, దానికి ఇంకో అడుగు దూరంలో ఉన్నామన్నమాట. ఐదోరోజు ఖాళీ సూట్‌కేసు పైన పెట్టడానికి ఎక్కా, పలక జరపగానే కంపు ముఖం మీద కొట్టింది. పెట్టె మూతెత్తితే అందులోనే ఉంది. ముందుకాళ్ళు ఒక ప్లేటు మీద, వెనకకాళ్ళు ఇంకో ప్లేటు మీద, పొట్ట కిందకి దిగిపోయి ప్లేటుకి అంటుకుపోయింది, తోక మాత్రం ద్వారంలోంచి బయటికి చాపుకునుంది. ఎదురుగా ఎర అలాగే ఉంది, నా వేలి గుర్తుతో సహా. ఇంతకంటే మండించింది ఇంకోటి, పెట్టె మూత మీద, ఆ లైటు పక్కనే, తాజా పెంటికలు. ఒకటి చచ్చిపడున్న పెట్టె నెత్తినెక్కి మిగతావి తిరిగాయన్నమాట, పెట్టేమో నిండిపోయి ఉంది కాబట్టి ఇంకోదాన్ని పట్టే వీల్లేదు.

అప్పుడు దాంతో వచ్చిన చీటీ వెతికి మొత్తం చదివా. మూలన ఒకే ఒక్క వాక్యం: ఎలుక పడ్డాక లైటు 24 గంటలు మెరుస్తుంది, తర్వాత బ్యాటరీ ఆదా కోసం ఆగిపోతుంది. అంతే. చదవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆ లైటు పెట్టిందే ఎక్కి చూడక్కర్లేకుండా అని కదా, మరి ఒక్కరోజు ఊళ్ళో లేకపోతే అది ఎందుకు? ఇంకా ఆలోచిస్తే, లైటు లేదంటే మూడు అర్థాలున్నాయి, ఎలుక పడలేదు, లేదా పడి రోజు దాటింది, లేదా బ్యాటరీ చచ్చింది. మూడింటికీ ఒకటే చీకటి. బ్యాటరీ తగ్గితే ఎర్రలైటు వస్తుందంటారు, వస్తుంది, పూర్తిగా అయిపోతే అదీ రాదు కదా. పడింది అని చెప్పడం దీనికి వచ్చు, పడలేదు అని చెప్పడం రాదు, నేనేమో ఎనిమిది నెలలు ఆ రెండోదాన్నే నమ్ముకునున్నా.

దీనికంటే మామూలు చెక్కపలక స్ప్రింగ్ ట్రాప్ నయం అనిపించింది ఆరోజు, విలియం హుకర్ అనే ఆయన 1894లో పేటెంట్ తీసుకున్న రకం. కడ్డీ ఇటుంటే పడలేదు, అటుంటే పడింది, నెలైనా అది అలాగే ఉంటుంది, అబద్ధం చెప్పదు. అలాంటి సాదా జెండా ఒకటి ఈ పెట్టెకి బయట పెట్టుంటే ఏం పోయేది?

శుభ్రం చెయ్యడం గురించి కూడా చెప్పాలి, కొత్తగా పడినదైతే సంచిలోకి వంచేస్తే చాలు, ముట్టుకోనక్కర్లేదు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నా. రోజులు గడిచినదైతే నరకం. ప్లేట్ల కింద కరెంటు సామానుంది కాబట్టి కుళాయి కింద పెట్టి కడగడానికి లేదు, స్పిరిట్ ముంచిన దూదితో మూడు రోజులు తుడిచా, ఎండలో పెట్టా, వేసవిలో ఇప్పటికీ కొంచెం వస్తుందనే నా అనుమానం, మా ఆయన అది నా భ్రమ అంటారు. పెంటికల్ని మాత్రం చీపురుతో ఊడవొద్దు, ఎండిన దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బులొస్తాయి. గ్లోవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, అవి బాగా నానేలా చల్లి, ఐదు నిమిషాలాగి, కాగితంతో తీసి పారెయ్యాలి. ఇది నేను మొదటిసారి చెయ్యలేదు, చక్కగా ఊడ్చేశా, తర్వాత తెలిసి భయపడ్డా.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. పాత సమీక్షలో "ఎలుకల బెడద ఈ పెట్టె వల్లే పోయింది" అని రాశా కదా, అదీ పూర్తిగా కరెక్ట్ కాదు. కంపు కథ అయ్యాక పంతం పట్టి, పగలు అటకలో లైట్లన్నీ ఆర్పేసి కూర్చుని, బయటి వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో చూశా. పైపు గోడలోంచి వచ్చే చోట చుట్టూ చిన్న సందు, పెన్సిల్ దూరేంత, దాని అంచు నల్లగా జిడ్డుగా మెరుస్తోంది, రోజూ ఒళ్ళు రాసుకుంటూ దూరడం వల్ల. చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలట, పుర్రె పడితే ఒళ్ళంతా పడుతుంది. మొదట ఫోమ్ కొట్టాం, పది రోజుల్లో కొరికి మళ్ళీ దారి చేసుకున్నాయి. తర్వాత స్టీల్ పీచు గట్టిగా కుక్కి పైన సిమెంట్ పూశాం. అంతకుముందు మూడు వారాల్లో పదకొండు పట్టానని మురిసిపోయా గానీ ఒక ఆడ ఎలుక మూడు వారాలకే ఐదారు పిల్లల్ని పెడుతుంది, నేను పట్టేది పడుతూనే ఉన్నా, అవి వచ్చేది వస్తూనే ఉన్నాయి. సందు మూశాక ఏడాది దాటింది, మొత్తం నాలుగంటే నాలుగు పడ్డాయి. గెలిచింది పెట్టె అనాలో స్టీల్ పీచు అనాలో మీరే చెప్పండి.

ఇప్పుడెలా వాడుతున్నానంటే, ఫోన్‌లో మూడు రోజులకోసారి అలారం పెట్టుకున్నా, లైటున్నా లేకపోయినా ఎక్కి మూతెత్తి చూస్తా, మోకాలు ఎంత తిట్టినా. ఊరెళ్తే ఎర తీసేసి, స్విచ్ ఆపేసి వెళ్తా, బ్యాటరీలు కూడా తీసేస్తా, ఎందుకంటే అటక వేడికి ఒకసారి కారిపోయి స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టాయి, గోరుతో గీకి బాగు చేశా. రెండు చెక్కపలక ట్రాప్‌లు కూడా పక్కన పెట్టా, వాటిలో ఒకటి మా ఆయన వేలిని ముందు పట్టింది, ఎలుకని తర్వాత.

కొనాలా అంటే, మొన్న మా తోడికోడలు ఇదే అడిగింది, సూటిగా చెప్పలేకపోయా. మీ అటక ఈజీగా ఎక్కగలిగేదై, ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఉండి, చచ్చిన ఎలుకని చూడలేనివాళ్ళయితే తీసుకోండి, ఆ పని శుభ్రంగా చేస్తుంది. నాలా మోకాళ్ళ నొప్పితో ఎక్కకుండా తప్పించుకుందామని అయితే మాత్రం, ఏమో, నేనైతే మళ్ళీ ఆ కారణంతో కొనను. పెద్ద ఎలుకలుంటే అసలు వద్దు, ఈ సైజు పెట్టెలో అవి పట్టవు. స్టార్లు ఐదు నుంచి మూడు చేస్తున్నా, అత్తయ్య అయితే రెండే ఇవ్వమన్నారు, ఆరోజు నేను ఆవిడతో మాట్లాడిన తీరుకి ఒకటి తగ్గించారనుకుంటా.