కీపాస్ఎక్స్‌సి: గుంటూరు ట్యాక్స్ ఆఫీసులో ఏళ్లుగా వాడి చెప్తున్న మాట

బ్రాడీపేటలో ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పని నాది, సిస్టమ్స్ సంగతి కూడా నేనే చూస్తా. మా క్లయింట్లలో ఎక్కువమంది మిర్చి యార్డు కమీషన్ కొట్ల వాళ్లు, తర్వాత కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు. ఒక్కో పార్టీకి జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, ట్రేసెస్ (టీడీఎస్ పోర్టల్), ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి), పీఎఫ్ అని నాలుగైదు లాగిన్లు ఉంటాయి. ఇంతకుముందు అన్నీ ఒకే ఎక్సెల్ షీట్లో ఉండేవి, ఆ షీటు ప్రతి సిస్టమ్‌లోనూ ఉండేది, కొందరి వాట్సాప్‌లో కూడా. 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అని జీఎస్టీ రిటర్నుల గడువులు వచ్చాయంటే "అక్కా, ఫలానా కొట్టు పాస్‌వర్డ్ ఎంత?" అని ఈ మూల నుంచి ఆ మూలకి అడగడం, అక్క అక్కడినుంచే గట్టిగా చదవడం, మధ్యలో బయటి మనుషులు కూర్చుని వింటుండటం. అది చూడలేక సార్‌ని ఒప్పించి పాస్‌వర్డ్లు దాచే ఈ కీపాస్ఎక్స్‌సి ప్రోగ్రామ్ పెట్టించా.

ఉచితం, ఓపెన్ సోర్స్, నెట్ లేకపోయినా పనిచేసిద్ది. పాస్‌వర్డ్లన్నీ తాళం వేసిన ఒకే ఫైల్లో ఉంటాయి, ఆ ఫైలు మన దగ్గరే ఉంటది, ఏ కంపెనీ క్లౌడ్‌కీ పోదు. సార్ ఒప్పుకుంది ఆ ఒక్క మాటకే. ఎక్సెల్‌ని సీఎస్‌వీగా సేవ్ చేసి లోపలికి తెచ్చుకోవచ్చు కాబట్టి మళ్లీ టైప్ చేసే పని లేదు. ఎంట్రీ మీద ఉండి కంట్రోల్ బి కొడితే యూజర్ ఐడీ, కంట్రోల్ సి కొడితే పాస్‌వర్డ్ కాపీ అవుతాయి, పది సెకన్లకి క్లిప్‌బోర్డ్ దానంతటదే ఖాళీ అయిపోద్ది. మొదట్లో మా సీనియర్ అక్క "ఎక్సెలే నయం" అని గట్టిగా పట్టుబట్టింది, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ఆవిడే నేర్పుతోంది.

మాకు బాగా కలిసొచ్చింది గడువు తేదీ. జీఎస్టీ పాస్‌వర్డ్ 120 రోజులకి ఎక్స్‌పైర్ అయిద్దని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు, సరిగ్గా 20వ తారీకు సాయంత్రమే అది గుర్తుకొస్తది. ప్రతి ఎంట్రీకి తేదీ పెట్టేశాం, గడువు దగ్గరపడ్డవన్నీ ఫైల్ తెరవగానే చూపించే సెట్టింగ్ ఉంది, నెల మొదట్లోనే మార్చేసుకుంటున్నాం. పాత పాస్‌వర్డ్ హిస్టరీలో ఉంటది, మార్చుతుండగా కరెంటు పోయి ఏది సేవ్ అయిందో తెలియకపోతే రెండూ కొట్టి చూసుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, జీఎస్టీ పోర్టల్ 15 అక్షరాలు దాటితే తీసుకోదు, అందుకని కొత్త పాస్‌వర్డ్ తయారుచేసిచ్చే జనరేటర్‌లో పొడవు ముందే తగ్గించుకోవాలి.

రెండోది బ్రౌజర్ ప్లగిన్, అంటే లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ తనే నింపేది. జూలైలో రిటర్నుల హడావుడి మధ్య "మీ రిఫండ్ ఆగింది, వెంటనే లాగిన్ అవ్వండి" అని ఒక మెయిల్ వచ్చింది, పక్క సీటు అబ్బాయి లింక్ నొక్కాడు. పేజీ అచ్చం ఇన్‌కమ్ ట్యాక్స్ పేజీలాగే ఉంది, లోగో, రంగులు అన్నీ. పాస్‌వర్డ్ నింపమంటే ప్లగిన్ ఏ లాగిన్ దొరకలేదు అంటోంది. "అన్నా, ఇది పనిచేయట్లేదు, చూడు" అని పిలిచాడు. అడ్రస్ బార్‌లో చూస్తే పేరు మధ్యలో గవ్ అని ఉంది, కానీ చివర్లో డాట్ ఇన్ బదులు డాట్ కామ్. మనిషి కన్ను లోగో చూసి నమ్మేసిద్ది, ప్లగిన్ మాత్రం ఎంట్రీలో ఉన్న అడ్రస్‌తో పోల్చి చూస్తది, కలవకపోతే ఇవ్వదు. ఆ రోజునుంచి మా ఆఫీసులో రూల్ ఇదే, ప్లగిన్ నింపకపోతే చేత్తో టైప్ చేయొద్దు, ముందు నన్ను పిలవండి. ఒకవేళ ఎక్కడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ ప్రతి టేబుల్ మీదా అంటించి పెట్టాం.

లోపాలు కూడా చెప్పాలి. ఇది అసలు ఒక మనిషి వాడుకోడానికి చేసింది, ఆఫీసు మొత్తానికి కాదు. ఫైలు సర్వర్ షేర్డ్ ఫోల్డర్లో పెట్టాం, ఇద్దరు ఒకేసారి మార్పులు చేస్తే కలపాలా వద్దా అని అడుగుతది, కంగారులో తప్పు బటన్ నొక్కే అవకాశం ఉంది. అంతకంటే పెద్దది, ఎవరికి ఏది కనపడాలి అనే కంట్రోల్ లేదు, తాళం తెలిస్తే అన్నీ కనపడతాయి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఫైలు తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మార్చితే సరిపోదు, వాళ్ల దగ్గర పాత కాపీ ఉండొచ్చు కాబట్టి లోపలివన్నీ మార్చాల్సిందే. అందుకే బ్యాంకు లాగిన్లు వేరే ఫైల్లో పెట్టి సార్ దగ్గరే ఉంచాం. పదిమందికి పైగా స్టాఫ్ ఉంటే డబ్బులు కట్టి టీమ్ ప్లాన్ ఉన్నది ఏదైనా తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. మొబైల్‌కి దీని సొంత యాప్ కూడా లేదు, ఆండ్రాయిడ్‌లో ఇదే ఫైలు తెరిచే కీపాస్‌డీఎక్స్ అనే వేరే యాప్ వాడుకోవాలి.

ఓటీపీ బాధ దీనితో తీరదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లుకి అందరికీ పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ అనే రెండో దశ తప్పనిసరి చేశారు, ఓటీపీ యజమాని ఫోన్‌కి పోద్ది, ఆయన యార్డులో వేలంపాట మధ్య ఉంటే ఫోన్ ఎత్తడు, లారీ గేటు దగ్గర ఆగి ఉంటది. దానికి మందు పోర్టల్లోనే ఉంది, సబ్ యూజర్ పెట్టి మా నంబర్ ఇప్పించుకున్నాం, ఎవరి ఓటీపీ వాళ్లకే వస్తది.

మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవ్వరూ తెరవలేరు, కస్టమర్ కేర్ అనేదే లేదు. గోంగూర, లారీ, దుప్పటి, ఏకాదశి లాగా సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి (ఇవే పెట్టకండి), చేతికి తొందరగా అలవాటయిద్ది. మాది సీల్ కవర్లో సార్ బీరువాలో ఉంది, ఫైలు కాపీ పెన్‌డ్రైవ్‌లో వారం వారం తీస్తాం.

డౌన్‌లోడ్ మాత్రం కీపాస్ఎక్స్‌సి డాట్ ఆర్గ్ నుంచే చేయండి, అడ్రస్ మీరే టైప్ చేయండి. 2023 అక్టోబర్లో గూగుల్ యాడ్స్‌లో ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ అయిన కీపాస్ పేరుతో నకిలీ సైట్ బయటపడింది, కె అక్షరం కింద చిన్న గుర్తు తప్ప అడ్రస్‌లో తేడా లేదు, దాన్నుంచి దింపుకున్నవాళ్లకి వైరస్ వచ్చింది.