హోమ్‌స్కూలింగ్ కుటుంబాల కోసం ఒక ఓటరు గైడ్: రెండు ప్రైమరీల అనుభవం

మేము టెక్సస్‌లో ఉంటున్నాము. మా ఇద్దరు పిల్లలూ ఆరేళ్లుగా ఇంటి దగ్గరే చదువుకుంటున్నారు. హోమ్‌స్కూలింగ్, స్కూల్ చాయిస్ (ప్రభుత్వ సొమ్ముతో తల్లిదండ్రులే బడిని ఎంచుకోవడం), కుటుంబ విధానం అనే మూడు విషయాల మీద అభ్యర్థుల అభిప్రాయాలను సేకరించి ఒక స్వచ్ఛంద సంస్థ ఉచితంగా అందిస్తున్న ఓటరు గైడ్‌ను 2024 మార్చి 5 నాటి ప్రైమరీకి (పార్టీల అభ్యర్థులను ఓటర్లు ఎంచుకునే తొలి ఎన్నికకు) మొదటిసారి, 2026 మార్చి ప్రైమరీకి రెండోసారి వాడాను. మన ఇంటి చిరునామా ఇస్తే మన బ్యాలెట్‌లో ఉండే అభ్యర్థుల పేర్లు, వారికి పంపిన ప్రశ్నలు, వారి జవాబులు, అన్నిటికంటే పైన నూటికి ఇన్ని అని ఒక మార్కు కనిపిస్తాయి. జవాబులు సేకరించడంలో ఈ సంస్థ పడిన శ్రమ నాకు నచ్చింది. ఆ మార్కు మాత్రం నచ్చలేదు, కారణాలు వివరంగా చెబుతాను.

ముందు మంచి. టెక్సస్‌లో చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీ వైపు గట్టిగా మొగ్గి ఉంటాయి కాబట్టి అసలు పోటీ నవంబరులో కాక మార్చిలోనే ముగిసిపోతుంది, అయినా ప్రైమరీ అభ్యర్థుల గురించి సమాచారం దొరకడమే కష్టం. ఇక్కడ ఓటరు పార్టీ పేరుతో ముందుగా నమోదు కానవసరం లేదు, అయితే ప్రైమరీ రోజున ఒక పార్టీ బ్యాలెట్‌నే ఎంచుకోవాలి. ఈ గైడ్ రెండు పార్టీల బ్యాలెట్లనూ పక్కపక్కన చూపించడం వల్ల ఆ ఎంపిక ఆలోచించి చేయగలిగాను. జవాబు పంపని అభ్యర్థి ఏమనుకుంటున్నాడో తామే ఊహించి రాయకుండా ‘సమాధానం ఇవ్వలేదు’ అని మాత్రమే వేయడం నిజాయితీగా ఉంది. ఇంకొక సౌకర్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ఈ రాష్ట్రంలో ఓటు వేసే చోటికి వంద అడుగుల లోపల ఫోన్ వాడకూడదు, కాగితం మీద రాసుకున్నది మాత్రం తీసుకువెళ్లవచ్చు. ఈ గైడ్ ఒకే కాగితం మీద చక్కగా ప్రింట్ అవుతుంది, అక్షరాలు కూడా మా అత్తగారు అద్దాలు లేకుండా చదవగలిగినంత పెద్దవి.

ఇక మార్కు సంగతి. హోమ్‌స్కూలింగ్ స్వేచ్ఛ, స్కూల్ చాయిస్ ఒకటే అన్నట్టుగా రెంటినీ కలిపి ఒక అంకెగా చూపించడం ఈ గైడ్‌లోని పెద్ద లోపం. టెక్సస్‌లో ఇంటి చదువుకు పునాది 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే విషయాలతో రాతపూర్వకమైన పాఠ్యక్రమం ఉండి, దాన్ని చిత్తశుద్ధితో నడిపితే ఇంటి బడి కూడా ప్రైవేటు బడే అవుతుంది. అంతకు మించి రాష్ట్రానికి నివేదికలు పంపే పని లేదు. న్యూయార్క్‌లో ఉండే మా వదిన మాత్రం ఏటా ఉద్దేశ పత్రం, బోధన ప్రణాళిక, మూడు నెలలకొక నివేదిక, సంవత్సరాంతంలో మూల్యాంకనం పంపుతూనే ఉంటుంది. మాలాంటి వారికి అభ్యర్థిని అడగవలసిన మొదటి ప్రశ్న ఈ స్వేచ్ఛను అలాగే ఉంచుతావా, లేదా అన్నదే.

స్కూల్ చాయిస్ అన్నది ప్రజాధనం ఎవరి చేతికి వెళ్లాలన్న ప్రశ్న. 2023 నవంబరులో టెక్సస్ ప్రతినిధుల సభ 84–63 ఓట్ల తేడాతో వోచర్ల (ప్రైవేటు చదువుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము) భాగాన్ని బిల్లు నుంచి తీసేసింది. అలా ఓటు వేసిన వారిలో 21 మంది రిపబ్లికన్లు ఉన్నారు, వారిలో చాలామందికి వ్యతిరేకంగా గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ 2024 ప్రైమరీలో స్వయంగా ప్రచారం చేశారు. చివరికి 2025 మే నెలలో సెనేట్ బిల్ 2 చట్టమైంది. వంద కోట్ల డాలర్లతో మొదలయ్యే ఈ పథకంలో ప్రైవేటు బడికి వెళ్లే విద్యార్థికి సుమారు 10,000 డాలర్లు, ఇంట్లో చదువుకునే విద్యార్థికి 2,000 డాలర్ల వరకు వస్తాయి. ఈ సొమ్ము తీసుకోవాలనుకునే వారూ, వద్దనుకునే వారూ ఇంటి చదువు కుటుంబాలు కలిసి నడుపుకునే మా కో-ఆప్‌లోనే పక్కపక్కన కూర్చుని పిల్లలకు పాఠాలు చెబుతారు. వద్దనే వారి భయం ఊహ కాదు. అరిజోనాలో ఇలాంటి పథకం కింద ప్రభుత్వ సొమ్ముతో ఖాతా తీసుకున్న కుటుంబం రాష్ట్రంతో ఒప్పందం మీద సంతకం చేయాలి, చట్టం దృష్టిలో ఆ బిడ్డ ఇక హోమ్‌స్కూల్ విద్యార్థి కాదు. ఫ్లోరిడాలో 2023లో వచ్చిన పథకంలో ఇంట్లోనే చదివే పిల్లలకు కూడా ఏటా పరీక్ష తప్పనిసరి.

ఇంత తేడా ఉన్న రెండు విషయాలను ఒక్క అంకెలో పోస్తే ఏమవుతుందో 2024లో మా బ్యాలెట్ మీదే చూశాను. ఇంటి చదువుపై కొత్త నియంత్రణలు ఏవీ ఒప్పుకోనని స్పష్టంగా రాసిన ఒక అభ్యర్థికి, వోచర్లకు వ్యతిరేకి అన్న ఒకే కారణంతో తక్కువ మార్కు వచ్చింది. నియంత్రణ ప్రశ్నను ఖాళీగా వదిలేసిన ఆయన ప్రత్యర్థికి దాదాపు రెట్టింపు వచ్చింది. పై అంకె మాత్రమే చూసి ఓటు వేసే తల్లి తనకు కావలసిన దానికి సరిగ్గా విరుద్ధంగా ఓటు వేసి రావచ్చు.

ప్రశ్నల కూర్పులోనూ ఇలాంటి చిక్కే ఉంది. ‘తల్లిదండ్రుల హక్కులను సమర్థిస్తారా?’ అని అడిగితే కాదనే అభ్యర్థి ఉండడు. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒరెగాన్ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1925లోనే కొట్టివేసింది, ఆ మూల సూత్రంతో బహిరంగంగా పోరాడేవారు నేడు దాదాపు లేరు. ‘డబ్బు తీసుకోని కుటుంబాలకు పరీక్షలు పెట్టే బిల్లు వస్తే ఎటు ఓటు వేస్తారు?’ అని అడిగితే జవాబుల్లో తేడా బయటపడుతుంది. పైగా ఈ సంస్థకు దాతృత్వ సంస్థగా పన్ను మినహాయింపు ఉంది. 1954 నుంచి ఉన్న నిబంధన ప్రకారం అలాంటి సంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. పక్షపాతం లేని ప్రశ్నావళిని మాత్రం ప్రచురించవచ్చు. జవాబులను ఉన్నవి ఉన్నట్టు చూపితే ఆ నియమానికి న్యాయం జరుగుతుంది, మార్కు వేయడం మొదలుపెడితే తీర్పు చెప్పినట్టవుతుంది.

కుటుంబ విధానం అనే భాగం పేరుకే ఉంది. చైల్డ్ టాక్స్ క్రెడిట్ (ఒక్కో బిడ్డకు కుటుంబానికి దొరికే పన్ను తగ్గింపు) 2017 చట్టంతో 2,000 డాలర్లయింది, 2021లో ఒక్క ఏడాదికి ఆరేళ్ల లోపు పిల్లలకు 3,600కు, పెద్ద పిల్లలకు 3,000కు పెరిగి మళ్లీ తగ్గింది, 2025 చట్టంతో 2,200 అయింది. ఒకే జీతంతో బతికే మాలాంటి ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. 2024 జనవరిలో ఈ క్రెడిట్‌ను విస్తరించే బిల్లును కాంగ్రెస్ ప్రతినిధుల సభ 357–70తో ఆమోదించింది. పదవిలో ఉన్న వారు ఎటు ఓటు వేశారో అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే. గైడ్ దాన్ని వదిలేసి ‘కుటుంబాల పన్ను భారం తగ్గిస్తారా?’ అని అడిగి సరిపెట్టుకుంది. చదువు ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 పొదుపు ఖాతాల విషయమూ అంతే: 2017లో ప్రైవేటు బడి ఫీజులకు అనుమతి వచ్చినా ఇంటి చదువు ఖర్చులు సెనేట్‌లో తొలగిపోయాయి. మాకు అంతగా సంబంధించిన ఈ మాట గైడ్‌లో ఎక్కడా కనిపించదు.

జిల్లా స్కూల్ బోర్డు అభ్యర్థులు కూడా ఇందులో లేరు. ఇంట్లో చదువుకునే పిల్లలు ప్రభుత్వ బడి జట్లలో ఆడవచ్చా అన్న విషయంలో 2021 నాటి చట్టం నిర్ణయాన్ని ఆ బోర్డుల చేతిలోనే పెట్టింది కాబట్టి వారినీ చేర్చాలి.

2026 ప్రతిలో కొంత మార్పు వచ్చింది. మూడు విషయాలకూ మూడు వరుసలు వేరుగా ఇచ్చారు, నేను రాసిన ఉత్తరానికి మర్యాదగా జవాబు కూడా పంపారు. పై మార్కు మాత్రం అలాగే ఉంది. అందుకని ఈసారి ప్రింట్ తీసిన కాగితంలో ఆ గడిని పెన్నుతో కొట్టేశాను. డబ్బు తీసుకోని కుటుంబాల సంగతి ఏమిటని మా స్థానానికి నిలబడిన అభ్యర్థులందరికీ నేనే ఈమెయిల్ పంపాను. ఇద్దరు జవాబు ఇచ్చారు. ఆ రెండు జవాబులనూ కాగితం వెనుక రాసుకుని, దాన్ని మడిచి పట్టుకుని ఓటు వేయడానికి వెళ్లాను.