మామిడి ట్రేలకూ, అమ్మ మోకాళ్లకూ సరిపోయిన కారు: రెనో ట్రైబర్ చాలాకాలం వాడాక

ట్రైబర్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఇంజిన్ దగ్గరే ఆగిపోతారు. ఒక లీటరు, మూడు సిలిండర్లు, 72 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి... ఏడుగురిని లాగుతుందా అని. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ కారు మీ ఇంటికి పనికొస్తుందా లేదా అన్నది తేల్చేవి సీట్లు. 2019లో వచ్చిన ఈ బండి పొడవు 3,990 మిల్లీమీటర్లే. అంత చిన్న బండిలో మూడు వరసలు పట్టించి, చివరి వరసలో రెండు సీట్లనూ పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకునే ఏర్పాటు చేశారు. మేం ఈ కారు కొన్నది అందుకే.

మాది విజయవాడ. ఇంట్లో నేనూ, మా ఆయనా, ఇద్దరు పిల్లలూ, అమ్మా. మావయ్య వాళ్ల మామిడి తోట నూజివీడు దగ్గర. మామూలు రోజుల్లో బడి, ఆఫీసు, కూరగాయలు. పెళ్లిళ్లకు ఏడుగురం. ఎండాకాలంలో తోట నుంచి చిన్న రసాలు, బంగినపల్లి ట్రేలకు ట్రేలు వస్తాయి. ఈ అవసరాలన్నీ ఒకే కారు తీర్చాలి.

ముందు డ్రైవర్ సీటు సంగతి. ఎక్కువగా నడిపేది నేనే, నా ఎత్తు అయిదడుగుల పైన కొంచెం. మా వేరియంట్‌లో సీటు ఎత్తు పెంచుకునే లివర్ ఉంది కాబట్టి దిండు వేసుకునే అవసరం రాలేదు. దిండు మీద కూర్చుని బండి నడపొద్దని పొట్టివాళ్లందరికీ చెబుతాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది జారుతుంది, బెల్టు నడుము ఎముకల మీద నుంచి పొట్ట మీదికి వస్తుంది. నేను సర్దుకునే వరస ఇది: నడుము సీటు మూలకు ఆనేలా కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి చూస్తాను. అప్పటికీ మోకాలు కొంచెం వంగే ఉండాలి. తర్వాత బ్యాక్‌రెస్ట్. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. ఛాతీకీ స్టీరింగ్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ జాగా కావాలి. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగంతో సమానంగా పెట్టుకుంటాను. అది తల వాల్చుకోవడానికి కాదు, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగకుండా ఆపడానికి. అద్దాలు చివర్లో, సీటు కుదిరాకే. మా ఆయన నడిపి దిగితే నేను ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేస్తాను. ఒక నిమిషం కూడా పట్టదు.

రెండో వరస ఈ కారుకు ప్రాణం. 60:40గా, అంటే ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా రెండు భాగాలుగా విడిపోతుంది, ముందుకూ వెనక్కూ 170 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది, బ్యాక్‌రెస్ట్ వాలుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎడమవైపు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే కాళ్లు చాపుకోగలుగుతుంది. కాకపోతే వాల్చే విషయంలో అమ్మతో ప్రతిసారీ చిన్న వాదన. సీటు బాగా వాల్చి పడుకుంటే బెల్టు ఛాతీకి దూరమవుతుంది. ప్రమాదం జరిగితే మనిషి బెల్టు కింద నుంచి ముందుకు జారిపోతుంది, నడుము పట్టీ పొట్టను నొక్కేస్తుంది. అందుకే బండి కదులుతున్నంతసేపూ కొద్దిగా వాల్చడం వరకే. పూర్తిగా వాల్చుకోవాలంటే బండి ఆపాక.

వెనక సీట్లో బెల్టు ఎందుకని మా చుట్టాల్లో ఇంకా అడుగుతారు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయిన టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కూర్చున్నది వెనక సీట్లోనే, బెల్టు లేకుండా. పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా అని కూడా గుర్తుచేస్తాను. దానికైతే వెంటనే పెట్టుకుంటారు.

మూడో వరస పిల్లలకు బాగుంటుంది, పెద్దవాళ్లకు గంటా రెండు గంటల ప్రయాణం వరకు పర్వాలేదు. ఏడు సీట్లూ ఉంటే డిక్కీ 84 లీటర్లే. రెండు బ్యాక్‌ప్యాకులు, ఒక టిఫిన్ సంచి. అక్కడ బలవంతంగా సూట్‌కేసులు దూర్చి, వాటి మీద ఇంకొన్ని పేర్చడం చాలామంది చేస్తారు. ఆ సామానుకు ఎదురుగా ఉన్నవి పిల్లల తలలు. బ్యాక్‌రెస్ట్ అంచు దాటి ఒక్క సంచి కూడా పెట్టకూడదని మా ఇంట్లో నియమం. ఒక సీటు తీసేస్తే 320 లీటర్లు, రెండూ తీస్తే 625. సీటు ఊడదీయడం కష్టం కాదు, లాకు వదిలి ఎత్తడమే, కానీ ఇద్దరుంటే నడుముకు మంచిది. తిరిగి బిగించాక ‘టక్’ మన్న శబ్దాన్ని నమ్ముకోకుండా రెండు చేతులతో గట్టిగా లాగి చూడాలి. మధ్య వరసను జరిపినప్పుడూ అంతే. లాకు పడని సీటు మీద మనిషిని కూర్చోబెట్టడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఊడదీసిన సీట్లు పెట్టడానికి ఇంట్లో చోటు కావాలి. మేం పాత దుప్పటి చుట్టి అటక కింద పెడతాం, ఎలుకలు దూరకుండా. చిన్న ఫ్లాట్‌లో ఉండి ఆ చోటు లేనివాళ్లు, రోజూ ఏడుగురితో పాటు సామాను కూడా మోసేవాళ్లు మారుతి వాళ్ల ఏడు సీట్ల కారు ఎర్టిగా వైపు చూడటం మేలు. దాని మూడో వరస అక్కడికక్కడే మడుచుకుంటుంది, అన్ని సీట్లూ ఉన్నా 209 లీటర్లు మిగులుతుంది. మాలాగా ఎక్కువ రోజులు అయిదుగురు, అప్పుడప్పుడు ఏడుగురు అయితే ట్రైబర్ తక్కువ ధరలో ఆ పని చేసిపెడుతుంది.

ఇక మామిడి ట్రేలు. ఒక్కోటి 20 కిలోలు అనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న ట్రేకు ఉండే శక్తి, అదే ట్రే 25 మీటర్ల ఎత్తు నుంచి కింద పడితే వచ్చే శక్తితో సమానం. అంటే దాదాపు ఎనిమిదో అంతస్తు. బండి దేన్నైనా గుద్ది ఆగితే ట్రే ఆగదు, ఆ శక్తి మొత్తంతో తన ముందున్న సీటు వీపు మీదికి వస్తుంది. డిక్కీ సర్దేటప్పుడు నాకు ఈ లెక్కే గుర్తుంటుంది.

అందుకని బరువైనవన్నీ అడుగున, మధ్య వరస బ్యాక్‌రెస్ట్‌కు గట్టిగా ఆనించి పెడతాం. సామానుకూ సీటుకూ మధ్య బెత్తెడు సందు కూడా ఉండకూడదు. సందుంటే సామాను అక్కడే వేగం అందుకుంటుంది. ట్రేల కింద జారని రబ్బరు మ్యాట్, పైన లివర్‌తో బిగించే రాచెట్ బెల్టు. డిక్కీ తలుపు వైపు తేలికవి: బట్టల సంచులు, అరటాకులు. మేమిద్దరమే వెళ్లినప్పుడు కూడా మధ్య వరసను మడవం. నిలబెట్టి, ఖాళీ సీట్ల బెల్టులు కూడా బకిల్‌లో పెట్టేస్తాం. వెనక నుంచి సామాను నెడితే బ్యాక్‌రెస్ట్‌కు ఆ బెల్టులు అదనపు ఆసరా. ఈ చిన్న పని చాలామందికి తెలియదు, పైసా ఖర్చు లేదు. నూనె డబ్బా, ఆవకాయ జాడీ లాంటి చిన్న బరువులకు ముందు సీటు వెనక కాళ్లు పెట్టుకునే చోటును మించింది లేదు. మూడువైపులా గోడ ఉన్నట్టే. డ్రైవర్ సీటు వెనకైతే మాత్రం దొర్లే వస్తువు ఏదీ పెట్టను. నీళ్ల సీసా సీటు కింద నుంచి దొర్లి వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఎంత తొక్కినా దిగదు.

ఒక సీటు ఉంచి, పక్క సీటు తీసిన జాగాలో సామాను వేసే 320 లీటర్ల అమరిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి, ఎందుకంటే బియ్యం బస్తా పిల్లవాడి మోచేతి పక్కనే ఉంటుంది. మలుపులో అది పక్కకు వాలకుండా కట్టలేకపోతే ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టం.

నిండు లోడుతో తిరుమల ఘాట్ ఎక్కుతుంది. రెండో గేరులో, తొందరపడకుండా. దిగేటప్పుడు కూడా అదే చిన్న గేరు. బ్రేకు మీదే పాదం పెట్టి దిగితే అంత బరువుకు బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఖాళీ బండికి అలవాటు పడ్డ కాలికి నిండు బండి ఆగే దూరం కొత్తగా అనిపిస్తుంది, అందుకే ముందు బండికి ఎడం పెంచుతాను.

టైర్లలో గాలి కూడా లోడును బట్టే. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ నిండు లోడుకు చెప్పిన అంకె వరకు పట్టిస్తాం. సామాను దింపి సీట్లు మళ్లీ బిగించిన మర్నాడు, ఆఫీసుకు వెళ్లే దారిలో బంకు దగ్గర ఆగి మామూలు అంకెకు తగ్గిస్తాను.