24 మెగాపిక్సెల్సా, 45 మెగాపిక్సెల్సా: పెళ్లి ఫోటోలకి ఏది మేలు?

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరపడేకొద్దీ నాకు ఫోన్ చేసే పెళ్లి ఫోటోగ్రాఫర్ కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, 24 మెగాపిక్సెల్స్ బాడీ ఉంది, అమ్మేసి 45కి వెళ్లమంటావా?" బాడీ అంటే లెన్సు లేని కెమెరా, మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెల్స్, అంటే ఫోటోలోని చుక్కలు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి రాసేస్తే మేలనిపించింది. పోయిన సీజన్‌లో నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. 45 మెగాపిక్సెల్స్ బాడీ అద్దెకు తెచ్చి, నా పాత 24తో పాటు నాలుగు పెళ్లిళ్లకు వాడి, చివరికి తిరిగి ఇచ్చేసి, బాడీ కోసం దాచిన డబ్బు లెన్సు మీదా లైట్ల మీదా పెట్టాను. కాబట్టి నేను ఎటు వైపో ముందే తెలిసిపోయింది. అయినా 45 కావాల్సినవాళ్లు కొందరున్నారు, వాళ్ల సంగతీ చెప్తాను.

ముందు ఆల్బమ్ లెక్క చూద్దాం. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ అంటే ఎక్కువగా 12×36 షీటే కదా, తెరిస్తే అటు 12×18, ఇటు 12×18 అంగుళాలు. 24 మెగాపిక్సెల్స్ ఫోటో 6000×4000 ఉంటుంది. దాన్ని ఒక పేజీ నిండా వేస్తే అంగుళానికి 333 పిక్సెల్స్, అంటే ప్రింట్ వేసే ల్యాబ్ అడిగే 300 కంటే ఎక్కువే. షీటు మొత్తం ఒకే ఫోటో పరిస్తే మాత్రం 166కి పడిపోతుంది, అదే 45 (8256×5504) అయితే 229 దాకా నిలబడుతుంది. ఇక్కడ 45 గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 300 అనేది, మంచి చూపున్న మనిషి అడుగు దూరం నుంచి విడివిడిగా చూడగలిగేదానికి దగ్గరి అంకె. అదే రెండడుగుల దూరం నుంచి అయితే సుమారు 143 చాలు. మూడడుగుల షీటు తెరిచి ఒళ్లో పెట్టుకుని, రెండు పక్కలా పిన్నీ అత్తయ్యా వంగి చూస్తున్నప్పుడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఎవరు చూస్తారు? 2007లో వచ్చిన నికాన్ డి3, మరుసటి ఏడాది వచ్చిన డి700, రెండూ 12 మెగాపిక్సెల్సే. ఆ రోజుల్లో వాటితో వేసిన ఆల్బమ్‌లు ఇప్పటికీ నా స్టూడియోలో ఉన్నాయి, తెరిచినవాళ్లెవరూ వివరం తక్కువైందనలేదు.

ఫ్లెక్సీ సంగతి చాలామంది తిరగేసి అనుకుంటారు, సైజు పెద్దది కాబట్టి పిక్సెల్స్ కూడా ఎక్కువ కావాలని. 20 అడుగుల వెడల్పు ఫ్లెక్సీకి 24 మెగాపిక్సెల్స్ ఫోటో ఇస్తే అంగుళానికి 25 పిక్సెల్స్ వస్తాయి. రోడ్డు మీద 30 అడుగుల దూరంలో నిలబడ్డ మనిషి కంటికి 10 చాలు.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. సెన్సార్‌లో, అంటే కెమెరాలో వెలుతురుని పట్టే చిప్‌లో, ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయన్నది ఒకటి, క్లిక్ కొట్టినప్పుడు వాటిలో ఎన్నింటికి నిజమైన వివరం అందిందన్నది ఇంకొకటి. తలంబ్రాల సీన్ తీసుకోండి. మంటపం మీద ఇద్దరూ కలిపి ఫ్రేములో ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. 24లో మిల్లీమీటరుకి 4 పిక్సెల్స్ పడతాయి, 45లో ఐదున్నర. పెళ్లికూతురి చెయ్యి సెకనుకి మీటరు చొప్పున కదులుతోంది, మీ షటర్ 1/125, అంటే సెకనులో 125వ వంతు సేపే తెరుచుకుంటుంది. ఆ కాస్త సమయంలో చెయ్యి 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే 24లో 32 పిక్సెల్స్ మేర అలుక్కుపోతుంది, 45లో 44 పిక్సెల్స్ మేర. రెండింట్లోనూ ఆ చేతి గాజుల వివరం ఒక్కలాగే పోయింది, 45లో కాస్త పెద్ద ఫైలులో పోయింది, అంతే తేడా. 24 మెగాపిక్సెల్స్‌నే పూర్తిగా వాడుకోవాలంటే ఆ సీన్‌కి 1/4000 కావాలి. ఫంక్షన్ హాల్లో అంత వెలుతురు ఎక్కడిది? పైగా ఎల్‌ఈడీ లైట్ల చారలు పడకుండా మనం 1/100కీ 1/50కీ దిగి కూర్చుంటాం, మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో ఆ లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి కాబట్టి. ఇంక 85 ఎంఎం లెన్సుని బాగా తెరిచి, ఫోకస్ లోతు బాగా తగ్గే ఎఫ్/1.8లో పెట్టి, పెళ్లికొడుకు కాస్త ముందుకు వంగగానే ఫోకస్ కంటి మీంచి చెవి మీదకి జారిపోతే, ఆ ఫ్రేములో 45 ఉన్నా 100 ఉన్నా ఒరిగేదేమీ లేదు.

అందుకే ఫ్లాష్ నాకు అంత ముఖ్యం. ఫ్లాష్ వెలిగేది చాలా తక్కువ సేపు, చుట్టూ ఉన్న లైటు కంటే అదే బలంగా పడేలా పెట్టుకుంటే కదులుతున్న చెయ్యి కూడా ఆగినట్టే వస్తుంది. రెండు ఆఫ్-కెమెరా ఫ్లాష్‌లు (కెమెరా మీద కాకుండా పక్కన స్టాండు మీద పెట్టేవి) కొన్నాక నా పాత 24లోంచే తలంబ్రాల గింజలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. అద్దె బాడీతో, హాలు లైట్లలో, ఫ్లాష్ లేకుండా నాకు అది రాలేదు.

ఒక మాట మాత్రం 45 తరఫున చెప్పాలి. దానిలో నాయిస్ (తక్కువ వెలుతురులో ఫోటో మీద పడే గరుకు చుక్కలు) ఎక్కువ, షేక్ ఎక్కువ అంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. రెండింటినీ 100 శాతం జూమ్‌లో పెట్టి చూస్తే అలా కనిపిస్తుంది, నిజమే, కానీ ఒకే తరం సెన్సార్లయితే ఒకే సైజు ప్రింట్ వేసినప్పుడు దాదాపు తేడా ఉండదు. కాబట్టి 45 వల్ల ఫోటో చెడిపోదు. భారం పడేది హార్డ్ డిస్క్ మీదా, ఎడిటింగ్ కంప్యూటర్ మీదా, పర్సు మీదా. నా 24లో రా ఫైలు (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైలు) సుమారు 28 ఎంబీ ఉంటే అద్దె బాడీలో 50 దాటింది. పెళ్లికి నాలుగు వేల క్లిక్కులనుకుంటే 110 జీబీ చోట 200 జీబీ, రెండో కాపీతో కలిపి 400. ఇంత భారం మోస్తే పొడవులో పెరిగేది 1.4 రెట్ల లోపే, ఎందుకంటే మెగాపిక్సెల్స్ రెట్టింపైతే పిక్సెల్స్ పొడవులోనూ వెడల్పులోనూ పంచుకుని పెరుగుతాయి.

అయితే 45 నిజంగా ఎవరికి మేలు? పక్షుల ఫోటోలు తీసేవాళ్లకి కళ్లు మూసుకుని చెప్తాను, తీసుకోండి. పులికాట్‌లో రాజహంసలు మనం అడిగినంత దగ్గరికి రావు, నేలపట్టులో గూడబాతుల గూళ్ల దగ్గరికి మనం వెళ్లకూడదు. అక్కడ ఎలాగూ క్రాప్ చేయాల్సిందే, అంటే ఫోటో అంచులు కోసి పక్షిని పెద్దది చేసుకోవాల్సిందే. 500 ఎంఎం లెన్సుతో 45లో తీసి 24 అంత పిక్సెల్ వెడల్పుకి కోసుకుంటే దాదాపు 690 ఎంఎం పెట్టినట్టు ఉంటుంది, వెలుతురు కూడా తగ్గదు. పగటి ఎండలో, 1/2000 షటర్‌లో ఆ పిక్సెల్స్ నిజంగానే నిండుతాయి. రెండోది చీరల కేటలాగ్. సన్నటి నేత మీద 24 సెన్సార్‌లో ఒక్కోసారి లేని అలలు, రంగుల చారలు కనిపిస్తాయి, మోయిరే అంటారు. పిక్సెల్స్ సన్నబడేకొద్దీ అది తగ్గుతుంది. గద్వాల చీర నేత చూపించే ఫోటోలో ఆ చారలు వస్తే కొనేవాళ్లని మోసం చేసినట్టే అవుతుంది. ట్రైపాడ్, స్టూడియో లైట్లు ఉండే ఆ పనికి 45 తగినదే.

మిగతావి క్లుప్తంగా. సోనీ ఏ7 4 లాంటి 33 మెగాపిక్సెల్స్ బాడీలు మధ్యస్థం, కొత్తగా కొనేవాళ్లకి మంచివే, 24 ఉన్నవాళ్లు మారక్కర్లేదు. 61, 100 మెగాపిక్సెల్స్ బాడీలు పెళ్లి పనికి అనవసరం. ఫోన్‌లో 200 మెగాపిక్సెల్స్ అంటే మామూలుగా 16 చిన్న పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి పన్నెండున్నర చేసి ఇస్తుంది, దాన్ని ఈ లెక్కలో కలపకండి.

ఇంకొకటి ఉంది, నన్ను 45 వైపు బాగా లాగింది అదే. పెళ్లైన రెండు మూడేళ్లకి ఎవరో ఒకరు వస్తారు, "తాతయ్య పోయారండీ, గ్రూప్ ఫోటోలోంచి ఆయన మొహం పెద్దది చేసి ఫ్రేమ్ కట్టిస్తారా" అని. పది మీటర్ల వెడల్పున నిలబెట్టిన గ్రూప్‌లో ఒక మొహానికి 24లో 90 పిక్సెల్స్ వస్తాయి. 45లో 124. గోడకి వేలాడదీసి దండ వేసే ఫోటోకి అదీ చాలదు, ఇదీ చాలదు. వాళ్లకి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పిన నాకు తెలుసు. అందుకని ఇప్పుడు ప్రతి పెళ్లిలో జీలకర్ర బెల్లం కంటే ముందే, హడావిడి మొదలవకముందే, రెండు వైపుల పెద్దవాళ్లనీ కిటికీ పక్కన కుర్చీలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి 85తో దగ్గరగా ఒక ఫోటో తీస్తున్నాను. మనిషికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ 24 మెగాపిక్సెల్స్‌లో ఎక్కువ భాగం ఆ ఒక్క మొహానికే వెళ్తాయి.