ఎండ హెచ్చరికా, తెల్ల పైకప్పా: నగరానికి ఏది మేలు?

వేసవి మరణాలపై పరిశోధన చేతికొచ్చాక దాన్ని ప్రభుత్వ నిర్ణయంగా మార్చడానికి మన దగ్గర నడిచి చూసిన దారులు రెండున్నాయి. అహ్మదాబాద్ 2013లో తెచ్చిన వేడి కార్యాచరణ ప్రణాళిక ఒకటి, తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల పైకప్పుల విధానం, రెండోది. ఒకటి అధికారులకు పని చెబుతుంది, రెండోది ఇల్లు కట్టేవాళ్లకు నిబంధన పెడుతుంది.

అహ్మదాబాద్‌లో 2010 మే 21న ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెల మరణాల లెక్కను మామూలు ఏళ్లతో పోల్చిన పరిశోధకులకు అదనంగా 1,344 మరణాలు కనబడ్డాయి. ఇందులో గమనించాల్సింది లెక్క తీసిన పద్ధతి. వాళ్లు వడదెబ్బ కేసులు ఏరలేదు, అన్ని కారణాల మరణాలనూ రోజువారీగా చూశారు. వడదెబ్బ అని కాగితం మీద రాసేవి ఎప్పుడూ తక్కువే. ఎండకు గుండె ఆగిన ముసలాయన గుండెపోటు లెక్కలోకే పోతాడు. అందుకే ఏ నగరమైనా ముందు తీయాల్సింది జనన మరణాల రిజిస్టరు. కనీసం ఐదారేళ్ల ఏప్రిల్–జూన్ రోజులకు మరణాల సంఖ్య ఒకపక్క, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలూ తేమా మరోపక్క పెట్టి, ఎక్కడ గీత పైకి వంగిందో చూడాలి. చాలా లెక్కలు పాడయ్యేది రెండు చోట్ల: చనిపోయిన తేదీకి బదులు నమోదు తేదీ తీసుకోవడం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్దాసుపత్రికి వచ్చి చనిపోయినవాళ్లను నగరం ఖాతాలో కలిపేయడం.

అహ్మదాబాద్ ప్రణాళిక 41.1 డిగ్రీల నుంచి పసుపు, 43.1 నుంచి నారింజ, 45 నుంచి ఎరుపు హెచ్చరిక అంది. కార్పొరేషన్‌లో అన్ని విభాగాలనూ కలిపి నడిపే ఒక నోడల్ అధికారి ఉంటారు. రంగు మారగానే ఆసుపత్రులకు, 108కి, నీటి విభాగానికి కబురు వెళుతుంది. ఖర్చు తక్కువ, చట్టం అక్కర్లేదు, ఒక వేసవిలో మొదలుపెట్టొచ్చు. తరవాతి అధ్యయనం 2014, 2015లో ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని అంచనా వేసింది. అయితే అసలు సంఖ్య 162 నుంచి 2,218 దాకా ఎక్కడైనా ఉండొచ్చని ఆ అధ్యయనమే చెప్పింది కాబట్టి మధ్య అంకెను పట్టుకుని ఊగడం తగదు. ఈ అంకెలను విజయవాడకు ఎత్తి అతికించడం ఇంకా పెద్ద పొరపాటు. కృష్ణా ఒడ్డున తేమతో కూడిన 39 డిగ్రీలు పొడి గాలిలోని 43 కంటే ప్రమాదం కావచ్చు. గీత ఎవరి ఊరిది వాళ్లే గీసుకోవాలి.

హెచ్చరిక బలహీనత ఏమిటంటే అది ఇంటిని చల్లబరచదు. ‘బయటికి వెళ్లకండి’ అని రేకుల ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పి ఏం లాభం? లోపలే కొలిమి.

ఇక్కడ తెల్ల పైకప్పు నెగ్గుతుంది. హైదరాబాద్‌లోని వాణిజ్య భవనాల మీద ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని బర్కిలీ ల్యాబ్ కలిసి కొలిస్తే, నల్ల పైకప్పును తెల్లగా మార్చినచోట చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. ఆ కొలతలు ఏసీ భవనాలవి, ఏసీ లేని గదిలో ప్రాణాల లెక్క కాదు. ఈ తేడా మరిచి విధానం రాస్తే లాభం ఏసీ ఉన్నవాళ్లకే చేరుతుంది. తెలంగాణ పాలసీలో అలాంటి ఖాళీ ఉంది: ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి, నివాసాల్లో 600 గజాలు, అంతకు పైబడినవాటికి తప్పనిసరి, అంతకు చిన్నవాటికి ఇష్టం. వేడికి ఎక్కువ నలిగేది ఆ చిన్న ఇళ్లవాళ్లే. పైగా అద్దె ఇంట్లో రంగు ఖర్చు ఓనరుది, చల్లదనం అద్దెకున్నవాళ్లది. ఓనరు ఎందుకు కదులుతాడు?

పనిలోనూ చిక్కులున్నాయి. పాచి, దుమ్ము కడిగి, పగుళ్లు పూడ్చి, పొద్దున్నే కప్పు చల్లగా ఉన్నప్పుడు ఒక కోటు నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. ఆస్బెస్టాస్ రేకులను మాత్రం పొడిగా గీకకూడదు, నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి మెత్తగా కడగాలి. సున్నం చవకే కానీ వాన పడితే కరుగుతుంది. దుమ్ము పేరుకుంటే మంచి కోటింగు మెరుపూ తగ్గిపోతుంది, ఏటా మార్చిలో ఒకసారి కడగాల్సిందే. భవనం వాడుకోవచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చిన రోజున తెల్లగా ఉన్న కప్పు మూడో ఏడు ఎలా ఉందో చూసే ఏర్పాటు నిబంధనలో లేకపోతే అది ఫొటో కోసం వేసిన రంగే.

ఒక నగరం రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే మా ఓటు ముందు హెచ్చరికకు. డేటా రిజిస్టర్లలో ఉంది, ఈ వేసవికే పని చేస్తుంది. కానీ దానికి మూడో దారి, అందరూ చిన్నచూపు చూసేది, జోడించాలి: ఆసుపత్రి సర్క్యులర్. అహ్మదాబాద్‌లో 2010 వేసవి తరవాత ఒక ఆసుపత్రి పై అంతస్తులోని ప్రసూతి వార్డును కిందికి మార్చింది. 42 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి వేడి కారణంగా ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన శిశువుల చేరికలు 43 శాతం పెరుగుతున్నట్టు అక్కడి అధ్యయనం చూపింది, కింది అంతస్తుకు మారాక అవి తగ్గాయి. దీనికి కావాల్సింది ఒక సంతకం, కొన్ని మంచాలు మోసే మనుషులు.

కప్పుల విషయంలో నిబంధన కంటే బడ్జెట్ పద్దు మేలు. అంగన్‌వాడీలు, బస్తీ దవాఖానాలు, తరవాత రేకుల ఇళ్ల వీధులు, ఈ వరసలో కార్పొరేషనే రంగు వేయించాలి. కడగడానికి రెండేళ్ల కూలీ ఆ టెండరులోనే రాయాలి.