నల్గొండలో మేం కొనే మటన్ షాపు: తూకం సరే, కోత సంగతే చూడాలి

ఆదివారం పొద్దున ఆరున్నరకే వెళ్లినా నా ముందు పదకొండు మంది ఉన్నారు. ఏడాదిగా ఇక్కడే కొంటున్నా కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తా. కూర తాజాగా ఉంటుంది, మన కళ్ల ముందే కొడతారు. కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంది, కిలో అంటే కిలోనే.

పేచీ అంతా ఆ కిలోలో ఏం పడుతుందన్న దగ్గరే. ఒక మేకకు ఒక్కటే కార్జం, అందరికీ రాదు, ఒప్పుకుంటా. కానీ అది ఎప్పుడు చూసినా వెనక కొక్కేనికి వేలాడే నల్ల కవర్లలోకే పోతుంది. ఫోన్ చేసి చెప్పినవాళ్లవి, బండి దిగకుండా హారన్ కొట్టేవాళ్లవి ఆ కవర్లు. తొడ ముక్కలూ వాళ్లకే. లైన్లో గంట నిలబడ్డవాళ్లకు మెడ, బొక్కలు, పైన ఇంత కొవ్వు. ధర మాత్రం అందరికీ 850. పక్షపాతమంటే ఒక పక్కకు ఒరగడమని బళ్లో తెలుగు సార్ చెప్పేవారు. ఇక్కడ కాంటా ఒరగదు, కత్తి ఒరుగుతుంది.

అడిగితే "మొహం చూసి బొట్టు పెడ్తమా సార్, అందరూ ఒక్కటే" అంటాడు.

పోయిన వారం మాటల్లో మాది దేవరకొండ, ఖిల్లా దగ్గరే ఇల్లు అని బయటపడింది. "మా అత్తగారి ఊరే గద సార్! ముందే చెప్పొద్దా?" అంటూ లోపలికి పోయి కార్జం తెచ్చి, అడగకుండానే నా తూకంలో వేశాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నేను నిజంగానే కడబంతిలో ఉన్నా, నా వెనక ఒక్క పెద్దమ్మే. వద్దనలేదు నేను.

"నాకు గూడ జరంత కార్జం ఎయ్యి బిడ్డా" అందామె.

"అయిపోయింది పెద్దమ్మా."

ఆమె నా సంచి వైపు చూసింది. నేను చిల్లర లెక్కపెట్టుకుంటూ బయటికొచ్చేశా.

కొత్తగా వెళ్లేవాళ్లు ఏడింటిలోపే పోండి. తొడ నుంచి కొట్టమని పేరు పెట్టి అడగండి, కొట్టేటప్పుడు ఫోన్ చూస్తూ నిలబడకండి. టోకెన్లు పెట్టమని రెండుసార్లు చెప్పా, నవ్వి ఊరుకున్నాడు.

రెండు స్టార్లు ఇద్దామనుకున్నా. కార్జం తిన్న నోటితో ఇవ్వబుద్ధి కాలేదు. మూడు ఇస్తున్నా.