ఫ్రీసియనా, మార్వారీయా: మన చిత్తూరు పొలంలో ఏ గుర్రం?

ఆవులున్నాయి, పచ్చిమేత ఉంది, గుర్రాలు కూడా పెంచుదామా అనుకునే ఇళ్లలో వచ్చే ప్రశ్న ఇది.

ఖర్చు: మార్వారీ రాజస్థాన్ జాతి, పుష్కర్ సంతలో కళ్లారా చూసి బేరమాడొచ్చు. ఫ్రీసియన్ పుట్టిల్లు నెదర్లాండ్స్. అక్కణ్నుంచి తెప్పిస్తే గుర్రం ధర మీద విమానం, అనుమతులు, క్వారంటైన్ అదనం.

ఎండ: మార్వారీ ఓర్చుకుంటుంది. బరువైన నల్లటి ఫ్రీసియన్‌కు మే నెలలో నీడ, ఫ్యాన్లు, నీళ్లు తప్పవు.

చాకిరీ: ఫ్రీసియన్ గిట్టల పైన ఒత్తైన వెంట్రుకలుంటాయి. వానాకాలం అవి బురదలో తడిసే ఉంటే కింద చర్మం పుండు పడుతుంది. రోజూ పాయలు విడదీసి, తడి తుడిచి చూడాలి. మార్వారీకి ఈ తిప్పలు లేవు.

ఈత: రెండింటికీ చూడి సుమారు 11 నెలలు. కానీ టెన్షన్ ఫ్రీసియన్‌తోనే. దగ్గరి రక్తంలోనే పెరిగిన జాతి కాబట్టి మరుగుజ్జు పిల్లలు, తలలో నీరు చేరిన పిల్లలు పుట్టే జన్యులోపాలున్నాయి. ఆడ, మగ రెండింటికీ పరీక్ష చేయించకుండా జత కట్టించొద్దు. ఈనాక మాయ పడకపోవడం కూడా ఈ జాతిలో ఎక్కువ. 3 గంటలు దాటితే ప్రాణం మీదికి రావచ్చు. ఆవు విషయంలో ఆగినట్టు తెల్లారేదాకా ఆగితే కుదరదు, డాక్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఉక్కకు మార్వారీయే నయం. పలమనేరు, కుప్పం వైపు కాస్త చల్లదనం, గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్, ఇంట్లో పూర్తిగా దీనికే ఉండే మనిషి, ఈ మూడూ ఉంటే ఫ్రీసియన్ గురించి ఆలోచించొచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు.